చివరి మెట్టు మీద తేదీల లెక్క: అమెరికాలో హెబియస్ కార్పస్

(తెనాలిలో లా స్టూడెంట్లు, జూనియర్ లాయర్లు ఎక్కువగా వచ్చిన ఒక సాయంత్రం సభలో మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు మిమ్మల్నే ఒక మాట అడుగుతా. హెబియస్ కార్పస్ అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పండి, పర్లేదు. ఆ... పోలీసులు ఎత్తుకెళ్లినవాణ్ణి కోర్టులో చూపించమని వేసే పిటిషన్. కరెక్ట్. మన హైకోర్టులో కన్నబిరాన్ గారి లాంటి పెద్దలు ఎన్ని వేశారో మీ సీనియర్లని అడిగితే చెప్తారు. ఇంకోటేంటి? అమ్మాయి ప్రేమ పెళ్లి చేసుకుంటే ఇంట్లోవాళ్లు దాచేశారని అబ్బాయి వేసేది. అదీ కరెక్టే. రెండింట్లోనూ అడిగేది ఒకటే కదండీ, మనిషిని తీసుకురా, ఏ అధికారంతో పట్టుకున్నావో చెప్పు అని. లాటిన్‌లో ఆ మాటకి అర్థం కూడా దాదాపు అదే, శరీరాన్ని హాజరుపరచు అని.

అమెరికాలో కూడా మాట అదే, కానీ అక్కడ ఎక్కువగా వేసేది ఎవరో తెలుసా? మర్డర్ కేసులో శిక్ష పడి, అప్పీళ్లన్నీ అయిపోయి, పది పదిహేనేళ్లుగా లోపలున్న ఖైదీలు. మన దగ్గర ఒకసారి సెషన్స్ కోర్టు శిక్ష వేశాక హెబియస్ వేస్తే ఏమంటారు? కోర్టు ఆర్డర్ మీదే లోపలున్నాడు కదయ్యా, అప్పీల్ వేసుకో అంటారు. అక్కడ మాత్రం అప్పీల్ అయిపోయాకే ఇది మొదలవుతుంది. నేను అమెరికాలో ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే, ఇలాంటి ఖైదీల పిటిషన్లు చదవడం, తిరగరాయడం, కోర్టులో వాదించడం. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడతానన్నా.

ఇది అర్థం కావాలంటే అక్కడి కోర్టుల నిర్మాణం కొంచెం తెలియాలి. మనకి ఒకటే నిచ్చెన, సెషన్స్, హైకోర్టు, సుప్రీంకోర్టు. ఉరిశిక్ష పడితే హైకోర్టు కన్ఫర్మ్ చేస్తే గానీ అమలు కాదు. అక్కడ రెండు నిచ్చెనలు పక్కపక్కనే ఉంటాయి. హత్య దాదాపుగా ఎప్పుడూ రాష్ట్రం చట్టం కింద నేరం, కాబట్టి విచారణ రాష్ట్ర కోర్టులో, అప్పీలు రాష్ట్ర కోర్టులో, చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టు. ఆ పైన వాషింగ్టన్‌లో ఉన్న సుప్రీంకోర్టుకి వెళ్లొచ్చు గానీ వాళ్లు తీసుకోవాలని రూలేం లేదు, వచ్చిన వాటిల్లో చాలా కొద్దే తీసుకుంటారు. అక్కడితో అయిపోయినట్టేనా? కాదు, అప్పుడు రెండో నిచ్చెన దగ్గరికి వస్తాడు ఖైదీ. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు, జిల్లా కోర్టులో హెబియస్ వేస్తాడు. నన్ను రాష్ట్రం పట్టుకున్న తీరు అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం అంటాడు. నాకు సరైన లాయర్ లేడు, నన్ను కొట్టి ఒప్పించారు, నాకు అనుకూలమైన సాక్ష్యం ప్రాసిక్యూటర్ దాచేశాడు, ఇలాంటివి.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిలందరూ కలిసి ఓకే చేసిన శిక్షని జిల్లా స్థాయి ఫెడరల్ జడ్జి, ఒకే ఒక్కడు కూర్చుని కొట్టేయొచ్చు. రాష్ట్రాలకి మండదా? నూట యాభై ఏళ్లుగా మండుతూనే ఉంది. ఒక విషయం మాత్రం గుర్తు పెట్టుకోండి, కొట్టేశాడంటే వదిలేసినట్టు కాదు. ఫలానా గడువులోగా మళ్లీ సరిగ్గా విచారణ జరపండి, జరపకపోతే వదలండి అనే చాలా సార్లు చెప్తారు. ఇది జనానికి తెలియదు, హంతకుణ్ణి వదిలేశారని టీవీల్లో అరుస్తారు.

ఈ అధికారం ఎప్పుడొచ్చిందంటే 1867లో. 1789 చట్టంలో ఫెడరల్ కోర్టుల హెబియస్ ఫెడరల్ ఖైదీలకే. సివిల్ వార్ అయ్యాక, బానిసత్వం పోయాక, దక్షిణాది రాష్ట్రాల కోర్టుల్ని నమ్మలేం అని కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి, అర్థమై, రాష్ట్రాల కస్టడీలో ఉన్నవాళ్లకి కూడా ఇచ్చింది. అంటే ఈ చట్టం పుట్టుకలోనే ఒక అపనమ్మకం ఉంది. స్థానిక కోర్టు స్థానిక జనం కోపానికి లొంగిపోవచ్చు, కాబట్టి బయటినుంచి ఒకడు వచ్చి చూడాలి అని. ఈ ముక్క మర్చిపోకండి, నేను చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

చట్టం వచ్చింది గానీ కోర్టులు దాన్ని చాలాకాలం పెద్దగా వాడలేదు. లియో ఫ్రాంక్ కేసు చూడండి. జార్జియా రాష్ట్రం అట్లాంటాలో పెన్సిల్ ఫ్యాక్టరీ సూపరింటెండెంట్, యూదుడు. 1913లో ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పదమూడేళ్ల పిల్ల హత్య, ఇతని మీద కేసు. కోర్టు బయట వేల మంది జనం, లోపలికి వినపడేలా అరుపులు. తీర్పు చెప్పే టైమ్‌కి జడ్జి ఏం చేశాడో తెలుసా? ఒకవేళ నిర్దోషి అని వస్తే జనం చంపేస్తారేమో, ముద్దాయీ అతని లాయర్లూ కోర్టులో ఉండకపోవడమే మంచిది అన్నాడు. తన తీర్పు వినడానికి తను లేడు. ఉరిశిక్ష. 1915లో సుప్రీంకోర్టు ఏమందంటే, జనం ఒత్తిడి ఉందా లేదా అని జార్జియా కోర్టులు చూశాయి, లేదన్నాయి, చాలు అంది. ఏడుగురు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క. ఆ ఇద్దర్లో ఒకరు జస్టిస్ హోమ్స్. విచారణ మొత్తం ఒక ఖాళీ డొల్ల అయితే, ఫారాలన్నీ సరిగ్గా నింపారు కదా అంటే ఎలా అన్నది ఆయన వాదన. గవర్నర్ స్లేటన్ ధైర్యం చేసి ఉరిని యావజ్జీవంగా మార్చాడు. మార్చితే ఏమైంది? ఆ ఆగస్టులో జైల్లోంచి ఎత్తుకెళ్లి మారియెట్టా ఊరి దగ్గర చెట్టుకి ఉరేశారు. జనం ఒత్తిడి లేదు అని కోర్టు రాసిన ఏడాదే అండి, అదే ఏడాది.

ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో కేసు, మూర్ వర్సెస్ డెంప్సీ. ఇది ప్రతి లా స్టూడెంటూ చదవాలి. ఆర్కాన్సాలో ఫిలిప్స్ కౌంటీ, ఎలైన్ అనే చోటు. 1919. పత్తి పండించే నల్లజాతి కౌలు రైతులు ఒక చర్చిలో మీటింగ్ పెట్టుకున్నారు, ఎందుకంటే భూస్వాములు లెక్కలు చూపించట్లేదు, పత్తికి సరైన రేటు ఇవ్వట్లేదు అని. కౌలు, లెక్కలు చూపించని ఆసామి, ఇది మన డెల్టాలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కాల్పులు జరిగాయి, ఆ తర్వాత కొన్ని రోజులు నల్లవాళ్లని వేటాడారు. ఎంతమంది పోయారో ఇప్పటికీ తేలలేదు, వందల్లో అనే అంచనాలున్నాయి. తెల్లవాళ్లు ఐదుగురు పోయారు. కేసులు ఎవరి మీద పెట్టారు? నల్లవాళ్ల మీదే. పన్నెండు మందికి మరణశిక్ష. విచారణ ముప్పావు గంట. మర్డర్ కేసు, ప్రాణం పోయే కేసు, ముప్పావు గంట! జ్యూరీ ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు. కోర్టు ఇచ్చిన లాయరు ముందు ఒక్కసారి కూడా ముద్దాయిలతో మాట్లాడలేదు, ఒక్క సాక్షిని పిలవలేదు. ప్రాసిక్యూషన్ సాక్షుల్ని కొరడాలతో కొట్టి చెప్పించారు.

వీళ్ల కోసం నిలబడ్డ లాయర్ పేరు సిపియో ఆఫ్రికానస్ జోన్స్. బానిసగా పుట్టినవాడు. లిటిల్ రాక్‌లో ప్రాక్టీస్. ఆయన ఆ పిటిషన్ ఫెడరల్ కోర్టుదాకా తీసుకెళ్లాడు, 1923లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఈసారి మెజారిటీ తీర్పు రాసింది ఎవరో తెలుసా? అదే హోమ్స్. రాష్ట్ర కోర్టు చూసింది కదా అని మేం కళ్లు మూసుకోలేం, ఫెడరల్ జడ్జి తనే నిజాలు విచారించాలి అన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి పన్నెండు మందీ బయటికొచ్చారు. ఉరి ఎక్కాల్సిన పన్నెండు మంది. నాకు ఈ పని మీద నమ్మకం సడలినప్పుడల్లా నేను ఎలైన్ గుర్తు తెచ్చుకుంటానండి.

సరే, ఇక్కడినుంచి తేదీల కథలోకి వస్తా. 1953లో బ్రౌన్ వర్సెస్ ఆలెన్ అని పెద్ద తీర్పు, రాష్ట్ర కోర్టు తేల్చేసిన రాజ్యాంగ ప్రశ్నని ఫెడరల్ జడ్జి మళ్లీ మొదటినుంచి చూడొచ్చు అని చెప్పింది. గొప్ప తీర్పు. కానీ దాంతోపాటే అదే రోజు తేల్చిన ఇంకో కేసు ఉంది, నార్త్ కరోలినాలో హత్య కేసులో మరణశిక్ష పడిన ఇద్దరు, డేనియల్స్ ఇంటిపేరు. వాళ్ల లాయరు అప్పీలు కాగితాలు ఒక్క రోజు లేటుగా ఇచ్చాడు. ఒక్క రోజు. రాష్ట్రం తీసుకోనంది, సుప్రీంకోర్టు కూడా, గడువు దాటింది కాబట్టి మేమూ చూడం అంది. ఇద్దరికీ శిక్ష అమలైపోయింది.

దీనికి జవాబు పదేళ్ల తర్వాత ఛార్లెస్ నోయా అనే ఖైదీ కేసులో వచ్చింది. బ్రూక్లిన్, 1942, దోపిడీలో హత్య, ముగ్గురు ముద్దాయిలు. ముగ్గురి మీదా సాక్ష్యం పోలీసులు బలవంతంగా తీసుకున్న వాంగ్మూలాలే. ఇద్దరు అప్పీల్ వేశారు, చివరికి విడుదలయ్యారు. నోయా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు? యావజ్జీవం పడింది, అప్పీల్ గెలిచి మళ్లీ విచారణ జరిగితే ఈసారి మరణశిక్ష వేస్తారేమో అని భయం. ముప్పై రోజులు దాటిపోయాయి. వాంగ్మూలం బలవంతంగా తీసుకున్నదే అని ప్రభుత్వమే ఒప్పుకుంది, అయినా నువ్వు గడువులో రాలేదు కాబట్టి లోపలే ఉండు అంది రాష్ట్రం. ఆలోచించండి, ఒకే కేసు, ఒకే రకం సాక్ష్యం, ఇద్దరు ఇంట్లో, ఒకడు జైల్లో. 1963లో జస్టిస్ బ్రెన్నన్ ఇది కుదరదన్నాడు. కావాలని ఎత్తుగడగా అప్పీల్ వదులుకుంటే తప్ప, గడువు దాటిందన్న ఒక్క కారణంతో ఫెడరల్ తలుపు మూయకూడదన్నాడు.

ఆ తలుపు అలా ఎన్నాళ్లుంది? పద్నాలుగేళ్లు. 1977నుంచి మెల్లగా మూసుకుంటూ వచ్చింది. 1991కి రోజర్ కోల్‌మన్ కేసు. వర్జీనియాలో గ్రండీ అనే బొగ్గు గనుల ఊరు, మరదలి హత్య, మరణశిక్ష. అతని లాయర్లు రాష్ట్ర స్థాయిలో అప్పీల్ నోటీసు ముప్పై రోజుల్లో వెయ్యాల్సింది ముప్పై మూడో రోజు వేశారు. సుప్రీంకోర్టు తీర్పు మొదటి వాక్యం ఏంటో తెలుసా? ఇది ఫెడరలిజానికి, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య అధికారాల పంపకానికి, సంబంధించిన కేసు అని. మనిషి గురించి కాదు, ప్రాణం గురించి కాదు. ఆ దశలో లాయరు ఉండటం నీ రాజ్యాంగ హక్కు కాదు, కాబట్టి లాయరు చేసిన తప్పు నీ తప్పే అన్నారు. 1992 మేలో శిక్ష అమలు.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి, దాచకూడదు. 2006లో వర్జీనియా గవర్నర్ ఆర్డర్ మీద డీఎన్ఏ పరీక్ష చేయించారు. సాక్ష్యంగా దాచిన నమూనా కోల్‌మన్‌దే అని తేలింది. అతను నిర్దోషి అని నమ్మి ఏళ్లతరబడి కష్టపడ్డవాళ్లు కుదేలైపోయారు. మరి నేను ఈ కేసు ఎందుకు చెప్తున్నా? ఎందుకంటే తలుపు మూసినప్పుడు లోపలున్నవాడు దోషో కాదో ఆ కోర్టుకి తెలియదు. తెలుసుకుని మూయలేదు, క్యాలెండర్ చూసి మూసింది. పద్నాలుగేళ్ల తర్వాత లాబ్ రిపోర్టు వచ్చి కోర్టుని సమర్థించింది, అంతే. రిపోర్టు ఇంకోలా వచ్చుంటే?

అవతలి పక్క కూడా ఉందండి. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు. ఇరవై ఏళ్లపాటు ప్రతి రెండేళ్లకీ ఒక నోటీసు, కేసు మళ్లీ తెరిచారు, మళ్లీ వాయిదా, ఆ ఫొటోలు మళ్లీ పేపర్లో. ఒక తల్లి నాతో అన్నది, మీరు మంచివాళ్లే కావచ్చు బాబూ, కానీ మీ పిటిషన్ వచ్చిన ప్రతిసారీ నా కూతురు మళ్లీ చచ్చిపోతుంది అని. నా దగ్గర సమాధానం లేదు, అలాగే నిలబడ్డా. అందుకే ఈ కేసులు ఎప్పటికో అప్పటికి ముగియాలి అనేవాళ్లని నేను తప్పు పట్టను. ఎలా ముగించాం అన్న దగ్గరే నాకు పేచీ.

ఆ ముగింపు కోసం వచ్చిందే 1996 చట్టం. 1995 ఏప్రిల్లో ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. ఆ కోపంలో టెర్రరిజం మీద ఒక చట్టం తయారైంది, అందులో హెబియస్‌ని కూడా కలిపేశారు, మరుసటి ఏప్రిల్లో క్లింటన్ సంతకం పెట్టాడు. లాయర్లు ముద్దుగా కాదు గానీ పొట్టిగా ఎడ్పా అంటారు. అది తెచ్చిన మార్పుల్లో మీరు పట్టుకోవాల్సినవి రెండు. ఒకటి, ఏడాది గడువు. రాష్ట్రంలో తీర్పు ఫైనల్ అయిన రోజునుంచి ఏడాది, మధ్యలో రాష్ట్రంలో ఏదైనా పిటిషన్ సరిగ్గా పెండింగ్‌లో ఉంటే ఆ రోజులు లెక్కలోకి రావు. రెండోది ఇంకా బరువైంది. రాష్ట్ర కోర్టు తప్పు చేసింది అని ఫెడరల్ జడ్జికి అనిపిస్తే సరిపోదు. ఆ తప్పు అసమంజసం అయ్యుండాలి.

తేడా ఏంటండి అంటారేమో. చెప్తా. 2011లో కాలిఫోర్నియానుంచి వచ్చిన రిక్టర్ కేసు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అతని పిటిషన్‌ని ఒక్క వాక్యంలో కొట్టేసింది, కారణం రాయలేదు. మరి కారణమే లేనప్పుడు అది సమంజసమా కాదా అని ఎలా చూస్తారు? సుప్రీంకోర్టు ఏమందంటే, కారణం రాయకపోయినా పర్లేదు, వాళ్లు ఏ కారణాలతో కొట్టేసి ఉండొచ్చో ఫెడరల్ జడ్జి తనే ఊహించుకోవాలి, ఆ ఊహించిన కారణంతో న్యాయంగా ఆలోచించే జడ్జి ఒక్కడైనా ఏకీభవించే వీలుంటే పిటిషన్ కొట్టేయాలి అంది. ఇది దాటడం కష్టంగా ఉందంటే కష్టంగా ఉండాలనే పెట్టారు అని కూడా రాసింది. ఎలైన్ కేసులో ఫెడరల్ జడ్జి నిజం ఏంటో తనే చూడాలన్నారు. ఇప్పుడేమో, రాష్ట్రం రాయని కారణం కూడా రాష్ట్రం తరఫున నువ్వే ఆలోచించి పెట్టు అంటున్నారు.

ఆ ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా... ఆ, కండోన్ డిలే, అంటే ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్, వేసుకోకూడదా అంటోంది. మంచి ప్రశ్న. మన లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 లాంటిది అక్కడ ఎడ్పాలో రాసి లేదు. 2010లో ఫ్లోరిడా కేసు హాలండ్‌లో కోర్టే ఒప్పుకుంది, అసాధారణ పరిస్థితి ఉంటే, ఖైదీ తన వంతు శ్రద్ధ చూపించి ఉంటే గడువు ఆపొచ్చు అని. ఆ ఖైదీ ఎంత శ్రద్ధ చూపించాడంటే, లాయరుకి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, గడువు దాటిపోతుంది చూడండి అని. జవాబు లేదు. ఒకరోజు జైలు లైబ్రరీలో కూర్చుని చూసుకుంటే, తన కేసు రాష్ట్రంలో ఎప్పుడో ముగిసిపోయిందని తెలిసింది. మర్నాడే తన చేత్తో పిటిషన్ రాసి పోస్టు చేశాడు. అప్పటికే ఐదు వారాల లేటు. ఖైదీకి గడువు తెలుసమ్మా, లాయరుకే పట్టలేదు. 2013లో ఇంకో మినహాయింపు, నిర్దోషినని చాలా బలమైన కొత్త సాక్ష్యం చూపిస్తే ఏడాది దాటినా వినొచ్చు అని. ఈ రెండు కిటికీలు ఉన్నాయి, కాదనను, కానీ చాలా ఇరుకు.

లేటంటే గుర్తొచ్చింది, ఇది వినండి. ఒహాయోలో కీత్ బౌల్స్, హత్య కేసు, పదిహేనేళ్లనుంచి జీవితాంతం దాకా శిక్ష. ఫెడరల్ జిల్లా కోర్టులో హెబియస్ ఓడిపోయాడు, అప్పీల్ చేసుకునే నోటీసు అందలేదు, గడువు పెంచమని అడిగాడు. రూల్ ప్రకారం పద్నాలుగు రోజులే పెంచొచ్చు. జడ్జి పొరపాటున పదిహేడు రోజులిచ్చాడు, ఫిబ్రవరి 27 దాకా అని ఆర్డర్‌లో తేదీతో సహా రాశాడు. బౌల్స్ 26న వేశాడు. జడ్జి లెక్కలో ఒకరోజు ముందు, రూల్ లెక్కలో రెండ్రోజులు లేటు. 2007లో సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురు తేడాతో, లేటే, మాకు వినే అధికారమే లేదు అంది. జస్టిస్ సూటర్ విభేదిస్తూ, న్యాయవ్యవస్థ మనుషుల్ని ఇలా చూడటం సహించరానిది అని రాశాడు. జడ్జి చెప్పింది నమ్మినందుకు అండి! మీరు జడ్జి ఆర్డర్ నమ్మరా? నేను నమ్మనా?

ఇక చివరిది, బ్యారీ జోన్స్. అరిజోనాలో టూసన్. 1995లో మరణశిక్ష పడింది, ఒక నాలుగేళ్ల పాప చావు కేసు. పాపకి దెబ్బలు ఎప్పుడు తగిలాయి అన్నదే కేసంతా. ఆ టైమ్‌లో పాప ఇతని దగ్గరే ఉంది కాబట్టి ఇతనే అన్నారు. మెడికల్ సాక్ష్యం గట్టిగా చూస్తే ఆ టైమ్ లెక్క నిలబడదు, కానీ ట్రయల్ లాయరు డాక్టర్ల చేత చూపించలేదు. తర్వాత రాష్ట్ర స్థాయిలో పిటిషన్ వేసిన లాయరూ చూపించలేదు. ఫెడరల్ కోర్టుకి వచ్చాక, అక్కడి ఫెడరల్ డిఫెండర్లు, అంటే ముద్దాయిల కోసం ప్రభుత్వ ఖర్చుతో పనిచేసే లాయర్లు, మొత్తం తవ్వి తీశారు. జడ్జి ఏడు రోజులు సాక్షుల్ని విన్నాడు, 2018లో శిక్ష కొట్టేశాడు, పై కోర్టు కూడా సరే అంది.

అరిజోనా రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లింది. వాదనల్లో రాష్ట్రం తరఫు లాయరు, ఇక్కడ నిర్దోషి కావడం ఒక్కటే సరిపోదు అన్నాడు. నోటితో అన్నాడు. 2022 మేలో తీర్పు, ఆరుగురు ముగ్గురు. రాష్ట్ర కోర్టు రికార్డులో లేని సాక్ష్యాన్ని ఫెడరల్ జడ్జి చూడకూడదు. మరి రికార్డులో ఎందుకు లేదు? లాయర్లు పెట్టలేదు కాబట్టి. లాయర్లు సరిగ్గా చెయ్యలేదనే కదా పిటిషన్? సరిగ్గా చెయ్యలేదు అని నిరూపించడానికి కూడా వాళ్లు పెట్టిన కాగితాలే చూడాలట. జస్టిస్ సొటోమయోర్ ఇది తర్కానికి నిలవదని రాసింది. నేను ఆ తీర్పు చదివిన రోజు ఇంకేం పని చెయ్యలేకపోయా. ఏడు రోజుల సాక్ష్యం ఉంది, జడ్జి కళ్లతో చూశాడు చెవులతో విన్నాడు, అది లేనట్టే అనుకోండి అన్నారు.

తర్వాత ఏడాదికి, 2023 జూన్‌లో, జోన్స్ బయటికొచ్చాడు. కోర్టు తెరిచిన తలుపులోంచి కాదు. అరిజోనాలో అటార్నీ జనరల్ మారారు, కేసు మళ్లీ చూశారు, ఒప్పందం కుదిరింది. పాపని ఆస్పత్రికి తీసుకెళ్లకపోవడం వల్ల చనిపోయింది అన్న మేరకి సెకండ్ డిగ్రీ మర్డర్ ఒప్పుకున్నాడు, ఇరవై ఐదేళ్ల శిక్ష, అప్పటికే అంతకన్నా ఎక్కువ లోపల గడిపేశాడు, పంపించేశారు. ఎన్నికల్లో మనిషి మారకపోతే ఏమయ్యేది? అతని కేసుతో కలిపి విన్న ఇంకో ఖైదీకి అలాంటి ఒప్పందం లేదు.

టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు, ఒక్క నిమిషం. కాగితం ఒకటి తెచ్చా, మీ మధ్య తిప్పండి, తర్వాత నాకు తిరిగివ్వండి. రాష్ట్ర ఖైదీలు ఫెడరల్ కోర్టులో హెబియస్ వెయ్యడానికి వాడే ఫారం ఇది. కోర్టు ఫీజు ఐదు డాలర్లు. మరణశిక్ష కేసుల్లో లాయర్ని ఇస్తారు, యావజ్జీవం వాళ్లకి హక్కుగా ఇవ్వరు, కాబట్టి ఎక్కువమంది ఇది పెన్నుతో తమ చేత్తోనే నింపుతారు. ఏడాది దాటితే ఎందుకు దాటిందో వివరించు అని లోపల ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, అడిగింది ఏంటో అర్థంకాక. చివరి పేజీ చూడండి. సంతకం పైన, ఈ పిటిషన్‌ని నేను జైలు పోస్టులో ఫలానా తేదీన ఇచ్చాను అని ప్రమాణం చేసి చెప్పాలి, దానికో గీత గీసి ఉంటుంది. ఖైదీ జైలు వాళ్ల చేతికిచ్చిన రోజే ఫైల్ చేసినట్టు లెక్క, 1988నుంచి ఉన్న రూల్. నా దగ్గరికి ఈ ఫారం వచ్చినప్పుడల్లా, అతను ఏం చేశాడు, ఏం చెయ్యలేదు, ఎవరు చనిపోయారు, ఇవేవీ చదవకముందు చివరి పేజీ తిప్పి ఆ గీత మీద రాసిన తేదీ చూస్తా.